అగాథ నీళ్ళు

మఠం నుంచి,
జనవరి చివరి ఆదివారం

చెల్లి బ్రోన్యాకు,

యేసుకు స్తుతి.

నీ ఉత్తరం అందింది. మీ ఆయన జెనోన్ నడుం నొప్పి తగ్గిందని చదివి సంతోషించాను.

అడిగిన పునీత అగాథ నీళ్ళు పంపుతున్నాను. ఈ ఏటి పండుగ ఇంకా రాలేదు. నీకు అంతకు ముందే కావాలన్నావు గనక పోయినేడు దీవించినవే పంపుతున్నాను. నేలమాళిగలో ఉంచాం, సీసా నేనే నింపాను. మీ ఫాదర్ గారు బిషప్ గారిని చూసి వెళుతూ ఇక్కడ ఆగుతారు, ఆయన కారులో వస్తుంది. దీవించిన రొట్టె, ఉప్పు కూడా ఉన్నాయి.

రొట్టె, ఉప్పు ఆవులకు పెట్టు. నీళ్ళు ఎక్కడ అవసరమో అక్కడ వాడు.

అగాథ తల్లి రొమ్ములు కోసేసినా విశ్వాసం వదల్లేదు. ఆమె మీ ఆవుల పొదుగులు కాపాడుగాక.

విభూతి బుధవారం నుంచి ఈస్టరు దాకా మేం ఉత్తరాలు రాయమని నీకు తెలుసు. వచ్చినవి మాత్రం చదువుతాం.

ప్రార్థనలతో,
అక్క

*

ఓల్షానీ,
ఫిబ్రవరి, చలి ఇంకా విరగలేదు

అక్కా,

ఫాదర్ గారు అన్నీ జాగ్రత్తగా తెచ్చి ఇచ్చారు. జెనోన్ సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. "మీ అక్క ఉత్తరం కన్నా సీసా మీది మూతే పెద్దదిగా ఉంది. ముప్పై ఏళ్ళుగా మఠంలో కూర్చుని మాటలన్నీ ఎక్కడ దాస్తోందే?" అన్నాడు. నీళ్ళకు బదులు వోద్కా పోసి పంపితే తానూ మోకరించేవాణ్ణని కూడా అన్నాడు. ఏమీ అనుకోకు. ఆ మాటన్నవాడే కిందటేడు గొడ్డుకు జ్వరం వస్తే నాకు తెలియకుండా నీ ఫోటో కొట్టంలో తగిలించాడు.

ఇక్కడి సంగతి. వసంతంలో ఈనే ఆవులకు పాలు ఆపే రోజులివి. ఇన్నేళ్ళూ ఏం చేసేవాళ్ళం? ఆఖరిసారి పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండి, నాలుగు చన్నుల్లోనూ ఒక్కో ట్యూబు మందు ఎక్కించి, గడ్డి వేసి వదిలేసేవాళ్ళం. బాగున్న ఆవుకూ అదే, బాగులేని ఆవుకూ అదే. ఈ ఏడు పశువుల డాక్టర్ మార్చిన్యాక్ కుదరదన్నాడు. కొత్త చట్టమట. పాలు పరీక్ష చేసి, పొదుగులో జబ్బు దాక్కుని ఉన్నవాటికే మందు. మిగతావాటికి చన్ను రంధ్రం మూసే తెల్లటి పేస్టు ఒక్కటే.

జెనోన్ ఊరుకుంటాడా? "ఆ చట్టం రాసినవాడు ఒక్కసారన్నా ఆవు వెనక నిలబడ్డాడా డాక్టరు గారూ? నిలబడి ఉంటే తన్నులు తిని ఇంకోలా రాసేవాడు" అన్నాడు.

"నువ్వు ఒంట్లో బాగున్నప్పుడు రోజూ ఇంజెక్షన్ పొడిపించుకుంటావా?" అన్నాడు డాక్టరు. "పొడిచి పొడిచి ఒకరోజు మందు పనిచెయ్యడం మానేస్తుంది. ఈ పేస్టు మందు కాదయ్యా, బిరడా. బిరడా బిగిస్తే లోపల ఏముందో అది లోపలే ఉంటుంది. మంచైనా, చెడ్డైనా. అందుకని చన్ను కొన స్పిరిట్ గుడ్డతో తుడవండి, గుడ్డకు మురికి అంటడం మానేదాకా తుడవండి."

మా మెలాన్యా శ్రద్ధగా వింది. నీకు ఈమె గురించి రాశాను కదా, సరిహద్దు అవతల యుద్ధం నడుస్తున్న వొలీన్ నుంచి వచ్చిన మనిషి, మా దగ్గర పాలు పితకడం ఇది రెండో చలికాలం. కొట్టం పక్కన గదిలో ఉంటుంది. ఆవులతో వియ్యపురాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. "కాలెత్తావంటే మీ అమ్మకు ఉత్తరం రాస్తాను" అని మాల్వినాను బెదిరిస్తుంటే నవ్వలేక చచ్చాను.

మొన్న పాలు ఆపేశాం. ఆ రోజు చలికి పేస్టు ట్యూబులు కొవ్వొత్తుల్లా బిగుసుకుపోయాయి, నొక్కితే కదలలేదు. నేనో ఉపాయం చేశాను, పని సాగింది. నీ నీళ్ళు కూడా వాడాను. ఎక్కడో చెప్పను. చెప్తే నువ్వు నవ్వుతావు, జెనోన్‌కు తెలిస్తే ఊరంతటినీ నవ్విస్తాడు.

ఉపవాసాల ముందరి లావు గురువారానికి పొంగు బూరెలు వండాను. మెలాన్యా తిన్నన్ని ఎవరూ తినలేదు.

నీ
బ్రోన్యా

*

మఠం నుంచి,
విభూతి బుధవారానికి ముందు రోజు

బ్రోన్యా,

నవ్వను. పని సాగినందుకు స్తోత్రం.

పాలు ఆపిన ఆవుల పొదుగులు ఉదయం సాయంత్రం కంటితో చూడు. ఎరుపు గానీ, ఒకవైపు వాపు గానీ కనిపిస్తే ఆగకుండా డాక్టరును పిలువు. నాన్న ఉన్నప్పుడు ఆ పని నాది.

మెలాన్యాకు ఆశీస్సులు. ఈస్టరు తర్వాత రాస్తాను.

అక్క

*

ఓల్షానీ,
తపస్కాలం రెండో వారం

అక్కా,

నువ్వు జవాబు రాయవని తెలిసీ రాస్తున్నాను. చదువు చాలు.

నీ ఉత్తరం వచ్చేసరికే మా క్రాసుల ఆవు పోయింది. ఉదయం వెళ్ళేసరికి లేవలేదు. చెవులు చల్లగా ఉన్నాయి, కళ్ళు లోతుకు పోయాయి. పొదుగు ఒక పక్క నీలం తిరిగి, ముట్టుకుంటే ఆవులో భాగం కానట్టుంది. డాక్టరు వచ్చి ఆ చన్నులోంచి పేస్టు పిండించాడు. పేస్టు వెనక పాలు లేవు, ఎర్రటి నీళ్ళు వచ్చాయి. మెడనరానికి మందులు పెట్టాడు, ఉప్పునీళ్ళు ఎక్కించాడు. మధ్యాహ్నానికి దూడ కడుపులో ఉండగానే పోయింది.

తర్వాత ఇంకొకటి. తర్వాత రెండు ఒక్కరోజే. మాల్వినా బతికింది గానీ పొదుగులో ఒక భాగం కుళ్ళి ఊడిపోతోంది. పడినవన్నీ ఆ చలిరోజు పేస్టు ఎక్కించినవే. మందు ఇచ్చిన ఆవులకు పాలు ఆపింది ఆ తర్వాతి వారం, అవి బాగున్నాయి. బండి వచ్చి కళేబరాలను లాక్కుపోతుంటే జెనోన్ ఇంటి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత తిన్నగా మెలాన్యా దగ్గరికి వెళ్ళాడు.

"తుడవకుండా ఎక్కించావు."

"తుడిచాను అయ్యా. అవతలి చన్నులు ముందు తుడిచాను, ఇవతలివి తర్వాత. ఎక్కించడం ఇవతలివి ముందు. డాక్టరు చెప్పినట్టే."

"మరి వాటికవే చచ్చాయా? చలికి చేతులు కొంకర్లు పోయి ఉంటాయి, ఎవరు చూడొచ్చార్లే అనుకున్నావు."

ఆమె నావైపు చూసింది.

పొదుగులోంచి తీసి పరీక్షకు పంపినదానిలో దొరికింది నీళ్ళలో బతికే క్రిమి అట. ట్యూబులు గానీ చేతులు గానీ నీళ్ళలో ముంచారా అని డాక్టరు అడిగాడు. లేదన్నాం. మా బోరు నీళ్ళు తీసుకెళ్ళి చూశారు, వాటిలో ఏమీ లేదు. ఇక మిగిలింది మనిషి చెయ్యే అన్నాడు జెనోన్. డాక్టరు అవునూ అనలేదు, కాదూ అనలేదు.

మెలాన్యాను పంపేశాం. పక్క ఊరి ముర్షా వాళ్ళు పనికి పిలుస్తామని ఎప్పట్నుంచో అంటున్నారు. జెనోన్ దుకాణం ముందు నిలబడి, పాలు ఆపే రోజున చేతులు కడుక్కోని మనిషి మా నాలుగావుల్ని చంపిందని అందరికీ వినబడేలా చెప్పాడు. ముర్షా వాళ్ళు మానుకున్నారు. ఆ పేరు పడ్డాక ఏ కొట్టం తలుపు తెరుస్తారు? పని లేకపోతే ఆమెకు గది లేదు, గది లేకపోతే సరిహద్దు దాటి సైరన్లు మోగే ఊరికి తిరిగి పోవాలి.

ప్రార్థించు అక్కా. ఎవరి కోసమో నేను చెప్పలేను.

బ్రోన్యా

*

మఠం నుంచి,
తపస్కాలం మూడో వారం

బ్రోన్యా,

మదర్ అనుమతి తీసుకుని రాస్తున్నాను.

ఆవుల కోసం ఏడ్చాను. ఆవుల కోసం ఏడవచ్చు.

ఒక్కటే అడుగుతాను. నేను పంపిన నీళ్ళు ఎక్కడ పోశావు?

అక్క

*

ఓల్షానీ,
అదే వారం

అక్కా,

ఎన్నో ఏళ్ళ తర్వాత తపస్కాలంలో నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అందులో నువ్వు అడిగింది అదా?

కొట్టం గుమ్మం మీద చల్లాను, గాడిలో చల్లాను, మంచం కిందా చల్లాను. ఇంకా ఎక్కడ పోస్తే నీకు తృప్తి? నువ్వు గోడ వెనక కూర్చుని గంట కొడితే లేస్తావు, గంట కొడితే తింటావు. నా కొట్టంలో నాలుగు చోట్లు ఖాళీ ఉన్నాయి. వాటి పక్కనుంచి నడవాల్సింది నేను.

ఈ పైన రాసింది చించేద్దామనుకున్నాను. చించను. నువ్వు చదవాలి.

బకెట్లో పోశాను.

పేస్టు బిగుసుకుపోయిందని రాశానుగా. పాలగదిలో బకెట్లో గోరువెచ్చటి నీళ్ళు పట్టి ట్యూబులన్నీ అందులో వేశాను. తర్వాత నీ సీసా గుర్తొచ్చింది. అగాథ తల్లి నీళ్ళు చన్ను కొన తాకే ట్యూబును తాకితే అంతకన్నా ఏం కావాలనిపించింది. సీసాలో ఉన్నవి చాలావరకు పోసేశాను. చేత్తో కలిపి సిలువ గుర్తు వేశాను. మెలాన్యా వచ్చి అందులోంచి ట్యూబులు తీసుకుని వెళ్ళింది. అన్నీ అయ్యేదాకా ఆ బకెట్లోవే తీసింది. చన్నులు తుడిచింది అక్కా. నేను చూశాను. గుడ్డకు మురికి అంటడం మానేదాకా తుడిచింది.

డాక్టరు ట్యూబులు నీళ్ళలో ముంచారా అని అడిగినప్పుడు లేదన్నది జెనోన్. అతనికి నిజంగానే తెలియదు, అతను ఆవుల దగ్గర ఉన్నాడు. నేను నోరు తెరవలేదు. మెలాన్యా నావైపు చూసిందంటే ఎందుకనుకున్నావు?

ఎలా చెప్పమంటావు? మఠం వాళ్ళు దీవించిన నీళ్ళు ఆవుల్ని చంపాయని దుకాణం ముందు చెప్పనా? ఫాదర్ గారు తెచ్చిన సీసా, మా అక్క నింపిన సీసా అని? జెనోన్ జన్మంతా నీ పేరెత్తి నవ్వుతాడు. ఊళ్ళో వాళ్ళు గుడికి రావడం మానేస్తారు. ఒక మెలాన్యాకు పేరు పోయింది, నిజమే. నేను చెప్తే ఎంతమందికి పోతుంది? నీకు, ఫాదర్ గారికి, మఠానికి, అగాథ తల్లికి. నేను లెక్క చూసుకునే ఊరుకున్నాను.

ఇప్పుడు నీకు తెలిసింది. నువ్వు ఏమంటావో నాకూ తెలుసు. కాబట్టి అనకు.

బ్రోన్యా

*

మఠం నుంచి,
తపస్కాలం నాలుగో ఆదివారం

బ్రోన్యా,

అంటాను.

ఆ నీళ్ళు పవిత్రం. శుభ్రం కావు. ఏడాదిగా నేలమాళిగలో, ఎవరో ఇచ్చిన పాత ప్లాస్టిక్ సీసాల్లో ఉన్నాయి. ఆ తేడా నాకు తెలుసు, చెల్లెలికి రాయాలని తోచలేదు. ఎక్కడ అవసరమో అక్కడ వాడమని రాశాను. ఇంకొక్క వాక్యం రాయాల్సింది. మాటలు తక్కువ వాడటం సద్గుణమని ఇక్కడ నేర్చుకున్నాను. ఆ రోజు అది సద్గుణం కాదు.

అగాథ తల్లిని కాపాడే పని నీది కాదు. కత్తినే ఓర్చుకుంది, నవ్వులు ఓర్చుకోలేదా? నా పేరును కాపాడే పనీ నీది కాదు. మఠానికి వచ్చిన రోజే పేరు వదిలేశాను, ఇప్పుడు నన్ను కొలుంబా అంటారు. వదిలేసిన పేరు కోసం నువ్వు ఒక మనిషి పేరు తీసుకున్నావు.

మదర్‌కు అంతా చెప్పాను. నేలమాళిగలో మిగిలిన సీసాల్లో ఒకటి డాక్టర్ మార్చిన్యాక్‌కు పంపమన్నారు. పంపాను.

జెనోన్‌కు చెప్పు. ఈ ఉత్తరం చేరిన రోజే చెప్పు. తర్వాత మెలాన్యాను వెతకండి.

నీ కోసం మోకాళ్ళ మీద ఉన్నాను.

అక్క

*

ఓల్షానీ,
మట్టల ఆదివారం మర్నాడు

అక్కా,

చెప్పాను. నీ ఉత్తరం చేరిన రోజు కాదు. మూడో రోజు.

జెనోన్ బూట్లు విప్పుకుంటున్నాడు. ఒకటి విప్పి ఒకటి కాలికే ఉంచుకుని విన్నాడు. నవ్వుతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. "చెయ్యి కడుక్కోలేదని నేను ఆ మనిషిని ఊరందరి ముందూ అన్నాను" అన్నాడు. "నువ్వు నా పక్కనే నిలబడ్డావు బ్రోన్యా. నిలబడి తలూపావు." నిజం అక్కా. దుకాణం ముందు అతను అంటుంటే నేను తలూపాను. ఆ సంగతి నీకు రాయలేదు.

మర్నాడే డాక్టరు వచ్చాడు. నీ సీసాలోనూ అదే క్రిమి ఉందట. కేకలేస్తాడనుకుంటే మెల్లగా మాట్లాడాడు. "దీవించినవి కాకపోయినా ఇంతే అమ్మా. నిలవ నీళ్ళేవైనా ఇంతే. గోరువెచ్చగా చేస్తే ఇంకా పెరుగుతుంది. ట్యూబు మూత సందులోంచి కొనకు చేరుతుంది. నువ్వు దాన్ని చన్నులోకి తోసి పైన బిరడా వేశావు. చలికి ట్యూబులు బిగిస్తే కోటు లోపల పెట్టుకోండి, ఒంటి వేడి చాలు. నీళ్ళ జోలికి పోవద్దు. ఇది నేను ముందే చెప్పాల్సింది." అందరూ ముందే చెప్పాల్సింది అంటున్నారు. తెలిసీ చెప్పకుండా ఉన్నది మాత్రం నేనొక్కదాన్నే.

మెలాన్యా లేదు. పనికి పెట్టించే ఏజెన్సీ వాళ్ళు కొన్నాళ్ళు పుట్టగొడుగుల షెడ్డులో పెట్టించారట. అక్కడికీ ఈ మాట చేరిందట. పొద్దున్నే బస్సెక్కి సరిహద్దుకు వెళ్ళిపోయింది. ఫోను నంబరు పనిచెయ్యడం లేదు. ఆమె తప్పు లేదని ఓ కాగితం రాసి ఏజెన్సీకి ఇస్తే, తిరిగొచ్చినప్పుడు ఆమెకు ఇస్తామన్నారు. వస్తే కదా.

ఆ కాగితం రాశాను. దాన్నేం చెయ్యాలో తెలియడం లేదు. కింద జెనోన్ ఏదో రాస్తానంటున్నాడు.

బ్రోన్యా

వదినగారికి,
నాకు రాయడం రాదు. మీ నీళ్ళ మీద నాకు కోపం లేదు. వోద్కా గురించి అన్నది మరిచిపోండి. తుడవలేదని నేనన్నాను. చూడకుండా అన్నాను. ఎవర్నో ఒకర్ని అనకపోతే ఊపిరాడేలా లేదు, అందుకని దగ్గర్లో ఉన్న మనిషిని అన్నాను. ఇంటి మనిషిని అనలేదు చూశారా.
జెనోన్

*

మఠం నుంచి,
ఈస్టరు సోమవారం

బ్రోన్యా, జెనోన్,

క్రీస్తు లేచాడు.

కాగితం ఏజెన్సీకి ఒకటి ఇవ్వండి. ఇంకొకటి దుకాణం తలుపుకు అంటించండి. మాట అన్నది అక్కడ గనక.

మా కిటికీ దగ్గర దీవించిన నీళ్ళు ఇచ్చే పని ఇప్పుడు నాది. నేనే అడిగి తీసుకున్నాను. ఒక్కో సీసా ఇస్తూ చెప్తున్నాను: ఇవి గాయం మీద పోయకండి, కంట్లో వేయకండి, పశువు చన్నుకు తగలనివ్వకండి. నిన్న ఒక ముసలామె, "సిస్టర్ అయ్యుండి నీకే నమ్మకం లేదా?" అని సీసా వెనక్కి ఇచ్చి వెళ్ళిపోయింది. తిరిగి పిలవలేదు. సీసా తీసి పక్కన పెట్టాను.

అక్క

*

ఓల్షానీ,
మే

అక్కా,

అంటించాను. అంటించడానికి వారం పట్టింది. నువ్వు చూడలేవు గనక రాసింది రాస్తున్నాను:

"ఫిబ్రవరిలో మా కొట్టంలో ఆవులు చచ్చిపోవడానికి మెలానియా హ్రెబెన్యుక్ కారణం కాదు. ఆమె చన్నులు తుడిచే ఎక్కించింది. ట్యూబులను నిలవ నీళ్ళు కలిపిన బకెట్లో వేసింది నేను. అది తెలిసీ చెప్పకుండా ఉన్నదీ నేనే. బ్రొనిస్వావా సదోవ్‌స్కా."

నిలవ నీళ్ళు అని రాశాను. ఏ నీళ్ళో రాయలేకపోయాను. జెనోన్ నాలుగు మూలలా మేకులు కొట్టాడు. కొడుతుంటే పాల లారీ డ్రైవరు వెనక నిలబడి చదివి, "ఇంత రాయాలా బ్రోన్యమ్మా? అందరూ మరిచేపోయారు" అన్నాడు. జెనోన్ మేకులు నోట్లో పెట్టుకునే, "నువ్వు మరిచిపోయావా?" అన్నాడు. "లేదనుకో" అన్నాడు డ్రైవరు.

కొందరు నాతో మాట్లాడటం లేదు. కొందరు అవసరమైన దానికన్నా ఎక్కువ మాట్లాడుతున్నారు. ముర్షా వాళ్ళావిడ వచ్చి, మేమూ అలాగే బకెట్లోనే వేసేవాళ్ళం, ఇక మానేశాం అని మెల్లగా చెప్పి వెళ్ళింది. వాళ్ళ ఆవులు ఎందుకు బతికాయి, మావి ఎందుకు పోయాయి అని ఆ రోజంతా నీ మీదా దేవుడి మీదా కోపంతో ఉన్నాను.

నిన్న మధ్యాహ్నం ఫోను మోగింది. తెలియని నంబరు.

"బ్రోన్యమ్మా, మెలాన్యాను."

దుకాణంలో అమ్మేపిల్ల ఆ కాగితం ఫోటో తీసి ఎలాగో పంపిందట. వెనక ఏదో యంత్రం చప్పుడు, పిల్లల గోల.

"ఎక్కడున్నావమ్మా?"

"మా ఊళ్ళోనే. స్కూల్లో వంట. కరెంటు ఉన్నప్పుడు వంట, సైరన్ మోగితే నేలమాళిగ."

క్షమించమన్నాను. ఆమె విననట్టే ఉంది. "నేను చూశాను" అంది. "మీరు బకెట్లో ఆ నీళ్ళు పోస్తుంటే గుమ్మంలో ఉన్నాను. మీరు సిలువ వేసుకుంటే నేనూ వేసుకున్నాను, మా పద్ధతిలో. మంచిదే అనుకున్నాను. తర్వాత డాక్టరు అడిగినప్పుడు మీరు చెప్తారని ఆగాను."

"నువ్వే చెప్పాల్సింది మెలాన్యా! నా మొహం చూస్తూ ఎందుకు ఊరుకున్నావు?"

"మీ ఇంట్లో, మీ అక్కగారి దేవుడి నీళ్ళ మీద, వేరే దేశం దాన్ని నేను చెప్పనా? చెప్తే ఏమనేవారు? తప్పు చేసింది చాలక దేవుణ్ణి కూడా తిడుతోందని."

అవును. అదే అనేవాళ్ళం.

తిరిగి రమ్మన్నాను. జెనోన్ ఫోను లాక్కుని రమ్మన్నాడు, గదికి కొత్త పొయ్యి పెట్టిస్తానన్నాడు. "రాను అయ్యా" అంది. "వస్తే ప్రతి పూటా నా చేతులవైపు చూస్తారు. తప్పు పట్టడానికి కాదు, తెలుసు. అయినా చూస్తారు. చూస్తుంటే నేను పితకలేను."

ఇక పెట్టేస్తుందేమో అనుకున్నాను. అప్పుడు అడిగింది.

"ఆ కాగితం తీసేయండి."

"అది నీ కోసమే పెట్టాను. నీ తప్పు లేదని అందరూ చదవాలని."

"ఏముందో నాకు తెలుసు. బ్రెడ్డు కొనడానికొచ్చిన ప్రతి మనిషీ ఆ తలుపు ముందు ఆగి నా పేరు చదువుతాడు. కారణం కాదు అని ఉంటుంది, సరే. నన్ను తిట్టినప్పుడూ వాళ్ళనే అడిగారు, ఇప్పుడు మంచిదాన్నని చెప్పడానికీ వాళ్ళనే అడిగారు. రెండుసార్లూ నన్ను అడగలేదు. నా పేరు అక్కడ ఉండొద్దు."

లైను పోయింది. కరెంటు పోయిందో, ఆమే పెట్టేసిందో.

అక్కా, నువ్వు పెట్టమన్నావు, పెట్టాను. ఆమె తీయమంటోంది. తీసేస్తే ఊళ్ళో వాళ్ళు, చూశారా, మాట మార్చారు, ఆమెదే తప్పు అంటారు. ఉంచితే ఆమె వద్దన్నది చేసినట్టు. నేనేం చెయ్యను? ఇవాళ దుకాణం వైపు వెళ్ళలేదు. రొట్టె కూడా లేదు ఇంట్లో.

బ్రోన్యా

*

మఠం నుంచి,
ఉత్తరం అందిన రోజే

బ్రోన్యా,

తలుపుకు పెట్టమన్నది నేను. ఆమెను అడగమని నాకూ తోచలేదు.

కత్తెర తీసుకుని వెళ్ళు. ఆమె పేరున్నంత మేర కత్తిరించి తీసి, ఆ ముక్క పొయ్యిలో వెయ్యి. మిగతాదంతా ఉండనీ. ఎవరైనా అడిగితే, ఆమె వద్దన్నది, ఆమె తప్పేమీ లేదు అని నీ నోటితో చెప్పు.

నిలవ నీళ్ళు అని రాసిన చోట కొట్టేసి, అగాథ నీళ్ళు అని రాయి. నీ పేరు కింద నా పేరు చేర్చు. కొలుంబా అని కాదు. నాన్న పెట్టిన పేరు, ఇంటిపేరుతో.

అపొలోన్యా